ఉస్లాపూర్ మీద శత్రు డ్రోన్లు

కోవిడ్ తగ్గిన ఏడాది చలికాలంలో, వైమానిక దళ విన్యాసాల కోసం మా సంచార రాడార్‌ను ఉస్లాపూర్‌కు కొద్ది దూరంలో, మోప్కా అనే ఊరి అవతలి పొలాల్లో నిలిపారు. నేను వింగ్ కమాండర్‌ని, ఫైటర్ కంట్రోలర్‌ని. రాడార్ తెర చూస్తూ, ఎటు వెళ్ళాలో, ఎంత ఎత్తులో ఎగరాలో పైలట్‌కు రేడియోలో చెప్పడం నా పని. నా పైన ఒక గ్రూప్ కెప్టెన్ ఉండేవాడు. ప్రమోషన్ కోసం ఆయన అర్రులు చాస్తున్న కాలం అది.

ఒక పొద్దున తెర మీద నాలుగు చుక్కలు వరుసగా కనిపించాయి. నేలకు దగ్గరగా, నెమ్మదిగా కదులుతున్నాయి. తామెవరో తెలిపే సంకేతం ఏదీ పంపడం లేదు. డ్రోన్లని తేల్చేశాడు గ్రూప్ కెప్టెన్.

చలి ఉదయాల్లో నేలనంటిన చల్లగాలి మీద వెచ్చటి గాలి పరుచుకుంటే, రాడార్ కిరణం కిందికి వంగి నేల మీది వస్తువులను పట్టుకుంటుంది. కదలనివాటిని యంత్రం వడగట్టేస్తుంది. కదిలేవి మిగులుతాయి. ఆ చుక్కలు కట్నీ వెళ్ళే రైలు పట్టాల వెంటే నడుస్తున్నాయనీ, అవి బొగ్గు మోసే గూడ్సు బళ్ళనీ చెప్పాను. అంతలో రెండు చుక్కలు మాయమయ్యాయి. సిగ్నల్ దగ్గర బండి ఆగితే అంతే మరి. ఆయన మాత్రం "దాక్కున్నాయి, చూశావా?" అన్నాడు, బొగ్గు బండి పొదల్లో నక్కినట్టు.

స్థావరం నుంచి ఫైటర్ వచ్చింది. నడుపుతున్నది ఒక ఫ్లైట్ లెఫ్టినెంట్, చిన్నవయసు అమ్మాయి. కింద దట్టంగా మంచు, ఏమీ కనబడటం లేదంది. గ్రూప్ కెప్టెన్ తనే మైకు అందుకుని ఇంకా కిందికి దిగమన్నాడు. దిగింది. మరికాస్త దిగమన్నాడు. అప్పటికే ఆమె సురక్షితమైన కనీస ఎత్తు కంటే కిందికి వచ్చేసింది. ఆ మంచులో హైటెన్షన్ టవర్లున్నాయి. నా మైకులో, వెంటనే పైకి లేచి స్థావరానికి వెళ్ళిపొమ్మన్నాను. ఆమె లేచింది.

మధ్యాహ్నం ఉస్లాపూర్ నుంచి మా అక్క ఫోను చేసింది. మా నాన్న రైల్వే షెడ్‌లో పనిచేసి ఆ ఊళ్ళోనే స్థిరపడ్డారు.

"ఏట్రా తమ్ముడూ, మీ విమానమేటి మా నెత్తి మీదికొచ్చీసింది? కిటికీ అద్దాలన్నీ గల్లుమన్నాయి. యుద్ధమొచ్చిందేటి?"

"లేదక్కా. గూడ్సు బళ్ళను వెతకడానికొచ్చింది."

"అచ్ఛా! స్టేషన్ మాస్టర్నడిగితే అయిపోను కదరా!"

అప్పటికే ఎండెక్కి గాలి సర్దుకుని చుక్కలు పోయాయి. ఫైటర్‌ను చూసి శత్రువు తోక ముడిచాడని పైకి నివేదిక వెళ్ళింది. ఆయనకు ప్రశంసాపత్రం, నాకు ఆజ్ఞ మీరినందుకు మందలింపు. పత్రానికి ఆయన ఫ్రేము కూడా కట్టించుకున్నాడు. బొగ్గు బళ్ళను జయించిన యోధుడు మరొకడు ఉంటాడనుకోను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా పైలట్‌కు ముందు దిగకూడని ఎత్తు చెప్పేవాణ్ణి, తర్వాతే లక్ష్యం ఎటుందో చెప్పేవాణ్ణి. పక్కన ఎంత పెద్ద హోదా నిలబడినా ఆ వరుస మార్చలేదు.