చీర కుచ్చిళ్లకు పలకల పొడి

ఊరికి వెళ్లే బస్సు ఎక్కే ముందు చీర కుచ్చిళ్లకు పలకల పొడి పూసుకోవడం నాకు అలవాటు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల దగ్గర రోడ్డు వారనే కుప్పలు పోసి ఉంటుంది. గుప్పెడు తీసుకుని కుచ్చిళ్లకు, గోళ్ల సందుల్లోకి రుద్దుకుంటాను. అర్ధవీడు పక్కన మా ఊళ్లోవాళ్ల లెక్కలో నేను పలకలు కోసే మనిషిని. అసలు చేసేది ఒళ్లు అమ్ముకోవడం. ఆ సంగతి పొక్కితే మా అమ్మ ఊళ్లో తలెత్తుకుని తిరగలేదు. మొగుడు వదిలేస్తే పుట్టింటికొచ్చిన మా చెల్లెల్ని ఎవరూ గడప తొక్కనివ్వరు. ఇంటికి వెళ్లగానే ఆ చీర విప్పించి చెల్లెలే ఉతుకుతుంది, అక్క పడే కష్టమంతా అందులో ఉందన్నట్టు.

మొన్న వేసవిలో ఒకడు పొదిలి రోడ్డులోని ఒక షెడ్డుకు తీసుకెళ్లాడు. కండోమ్ వద్దన్నాడు. కుదరదన్నాను. నా చెయ్యి తలుపు సందులో పెట్టి నొక్కాడు. రెండు వేళ్లు విరిగాయి.

పోలీసు స్టేషన్‌కు వెళ్లాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

"ఆ పనికి పోయేదానివి, నీకు కేసేంది?" అన్నాడు అక్కడ రాసుకునే ఆయన. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఒళ్లు మండిపోయింది. చేతికి కొంగు చుట్టుకుని బయటికొచ్చాను. ఆసుపత్రిలో మాత్రం చెయ్యి మిషన్‌లో పడిందని చెప్పి కట్టు కట్టించుకున్నాను. అదే అబద్ధాన్ని ఇంటికీ మోసుకెళ్లాను.

అమ్మ కట్టు చూసి ఏడ్చింది. మూడో రోజు పొద్దున నేను బయల్దేరేసరికి, చెల్లెలు తల దువ్వుకుని సంచితో వాకిట్లో నిలబడి ఉంది.

"నేనూ వస్తానక్కా. నీ చెయ్యి బాగయ్యేదాకా నీ పని నేను చేస్తా. మీ ఓనరుకు చెప్పు."

"మిషన్ పని నీకు చాతగాదు" అన్నాను.

"నువ్వు నేర్చుకోలా? మిషన్ కాడ జాగ్రత్తగా ఉంటాలే."

"ఇప్పుడు పనుల్లేవు."

"నేనడిగేది నీ పనే గదక్కా."

అమ్మ అందుకుంది. "ఏందమ్మే ఇది? ఏడేండ్ల నుంచి చేస్తున్నావు, తోడబుట్టినదానికి ఒక్క మాట చెప్పలేవా? నువ్వు తీసకపోకుంటే అదే పోయి ఫ్యాక్టరీలన్నీ అడుగుతాది."

అడిగితే ఇంకేముంది? ఏ ఫ్యాక్టరీలోనూ నన్నెరిగినవాళ్లు లేరు. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యిలా ఉంది నా పని. చెల్లెలు మార్కాపురంలో అడుగు పెట్టకుండా చెయ్యాలి, అదొక్కటే ఆలోచించాను.

"మొగుడొదిలేసినదాన్ని ఎంటబెట్టుకొని పోతే ఫ్యాక్టరీలో నా పరువు పోదా?" అన్నాను.

చెల్లెలు నా ముఖంలోకి చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. సంచి పట్టుకుని లోపలికి పోయింది.

స్టేషన్‌లో నేను విన్న నవ్వు నా గొంతులో కూడా ఉందని కంభంలో బస్సు మారేటప్పుడు తట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. వెనక్కి వెళ్లి నిజం చెబుదామని ఒక్క క్షణం అనిపించింది. ఏమని చెప్పను? మార్కాపురం బస్సు రాగానే ఎక్కాను.

చెల్లెలు ఫ్యాక్టరీలకు రాలేదు. తర్వాతి నెల నేను ఎప్పటిలాగే పొడి పూసుకుని ఇంటికి వెళ్లాను. ఆ చీర నేనే ఉతుక్కున్నాను.