కరగని కర్పూరం

ఎనభైల చివర నేను ఆస్ట్రేలియాలోని టూవూంబాలో లెక్కలు బోధించేవాణ్ణి. ఊరికి తూర్పున కొండవాలు మీద ఒక వర్షారణ్యం ఉండేది. ఒకప్పుడు దాని నడుమ కొంత నరికి ఆవుల మేతకు వాడుకున్నారు. ఆ నేలను మళ్ళీ అడవికే వదిలేసి, శనివారాలు జనం చేత మొక్కలు నాటిస్తున్నారని విని వెళ్ళాను. మా తాతగారి రోజుల్లో మాకు సొంత అడవి ఉండేది. అది పోయినా, అడవిలో ఎలా నడవాలో మాకు ఒకరు నేర్పనక్కరలేదు.

అక్కడ పని చూసే పెద్దాయన ఫిజీ తెలుగువాడు. ఆ దేశంలో ప్రభుత్వాన్ని సైన్యం పడగొట్టాక కుటుంబంతో ఇక్కడికి చేరాడు. ఆయనది తాతల నాటి విశాఖ వైపు మాట.

"ఏటి బాబూ, ఇస్త్రీ చొక్కా ఏసుకొచ్చారు? పెళ్ళుందా?"

"మేము పనికైనా ఇలాగే వెళతాం."

"సర్లెండి, జలగలు మెచ్చుకుంటాయి."

ముందు అడవి చూపించాడు. పాడీమెలన్ అనే పొట్టి కంగారూ ఒకటి మమ్మల్ని చూస్తూనే ఆకు నమిలింది. నల్లటి అడవికోడి ఒకటి, ఎర్రని తల ఊపుతూ, గుడ్ల కోసం ఎండుటాకులను కాళ్ళతో తోసి నడుమెత్తు దిబ్బ పోస్తోంది.

"ఈ నేల ముక్కంతా నేను నాటింది. నీడొచ్చింది, ఈ కోడొచ్చింది. పై అడవీ కింద అడవీ కలిసీదాకా దీన్ని కాపాడాల. కొత్తగా మొలిచిన ప్రతి మొక్క ఆకూ నలిపి వాసన చూడండి. కర్పూరం వాసనొస్తే పీకీయండి."

నలిపాను. మా పూజగది వాసన. మా ఆస్తి మాట ఎత్తిన ప్రతివాడూ హారతి కర్పూరంలా కరిగిపోయిందనేవాడు. అది వింటూనే పెరిగాను. వేళ్ళు తన్ని నిలబడ్డ కర్పూరాన్ని చూడడం అదే మొదలు. మోకాలెత్తు మొక్కలు మూడింటిని వదిలేశాను. ఒకదానికి పాదు కూడా చేశాను.

మూడో శనివారం ఆయన ఆ పాదు దగ్గర నిలబడి ఉన్నాడు.

"దీనికి నీళ్ళెవరు పోసారు?"

తప్పించుకోవడం మా ఇంటా వంటా లేదు. "నేనే. కర్పూరాన్ని పీకడానికి చెయ్యి రాలేదు."

పెద్దగా నవ్వాడు. తరువాత నవ్వు ఆపి కంచె దాటించాడు. అవతలి వాలంతా పెద్ద పెద్ద కర్పూరం చెట్లు. దట్టమైన నీడ. కింద వాటి పిల్లలే తప్ప మరో మొక్క లేదు.

"పిట్టలు ఈటి పళ్ళు తిని నా ముక్కలో రెట్టేస్తాయి. ఒక్కటి వదిలితే ఆ ముక్కా ఇలాగే అయిపోతాది. మాయింట్లోనూ హారతిస్తాం బాబూ. కర్పూరం ఎలిగించడానికి. పాతుకుపోడానికి కాదు."

వెనక్కి వచ్చి ఆ పాదు దగ్గర ఇస్త్రీ ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చున్నాను. వేరు తెగితే మళ్ళీ లేస్తుందని ఆయన పైనుంచి చెబుతూనే ఉన్నాడు. మోచేతి లోతు తవ్వి, చివరి పోగుతో సహా బయటికి లాగాను. పని చేస్తే అలాగే చెయ్యాలి. చేతులు మా దేవుడి గదిలా గుబాళించాయి.

"ఇంకెన్ని దాచారు?"

"రెండు," అని లేచి, ఆయనకు దారి చూపిస్తూ ముందు నడిచాను.