ముప్పై ఒక్క పేర్లు

అబద్ధం టైపు చేయమంటే కౌసల్య కాదనేది కాదు. ముందు దాన్ని నిజం చేయించి, ఆ తర్వాత టైపు చేసేది. బతికున్నన్నాళ్లూ అంతే.

పోతిరెడ్డిపల్లి నుంచి బొల్లారంలోని ఒక మందుల ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోయి టైపిస్టుగా చేసేది. ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా విదేశీయులది. అందుకని ఏటా ప్రభుత్వానికి నివేదిక పంపాలి: వాళ్ల వాటా ఎంత, సరుకెంత తయారైంది, ఇక్కడివాళ్లు ఎందరికి పని దొరికింది. తొంభై నాలుగులో ఆ చివరి ప్రశ్న దగ్గరే చిక్కొచ్చిపడింది. అనుమతి తీసుకున్ననాడు నూట ఇరవై మందికి పనిస్తామని రాసిచ్చారు. హాజరు పట్టీలో ఉన్నది ఎనభై తొమ్మిది మంది.

“డ్రమ్ములు కడిగే ఆడోళ్లు ముప్పై ఒక్కరున్నరు గదా, వాళ్లను కలిపెయ్,” అన్నాడు మేనేజరు కిష్టప్ప.

“వాళ్లు కాంట్రాక్టరు మనుషులు గద సార్.”

“ఢిల్లీల ఉన్నోనికి మన పట్టీ కనపడ్తదా?”

“పేర్ల జాబితా జతచెయ్యాలె సార్.”

“తెచ్చుకో మరి.”

పేర్లు ఎక్కడా లేవు. కాంట్రాక్టరు నోటుబుక్కులో ‘బక్కమ్మ, ఇంకా పది మంది’, ‘బీరమ్మ, ఇంకా పది మంది’, ‘ఆగమ్మ, ఇంకా ఎనిమిది మంది’ అని ఉంది. అంతే. ఆ ఎండాకాలమే బక్కమ్మ చేయి యాసిడ్ పడి కాలింది. కార్మికుల ఆసుపత్రిలో చూపించుకోవడానికి ఈఎస్ఐ కార్డు లేక, పసుపు పెట్టుకుని పనికొచ్చింది. కౌసల్య అది చూసింది.

మధ్యాహ్నం అన్నాల వేళ బోర్లించిన డ్రమ్ము మీద కాగితం పరిచింది.

“మీ పేరు, మీ ఆయన పేరు చెప్పున్రి.”

మొగుని పేరు నోటితో ఎట్లా చెబుతారు? ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

“నాది నువ్వు చెప్పు వదినె,” అంది బక్కమ్మ.

“ఐలన్న. రాసుకో బిడ్డ,” అంది బీరమ్మ. “పేరు పలకదు గని, ఆయన తాగొచ్చిన నాడు ఇంటిముందల్నే పది పేర్లు పెడ్తది.”

“నువ్వు రోజూ పెడ్తవ్ గదనే.” నవ్వు ఆగాక బక్కమ్మ గొంతు తగ్గించింది. “పనిలకెల్లి తీసేస్తరా బిడ్డా?”

“తియ్యనియ్య పెద్దమ్మా.”

మూడో రోజు కౌసల్య జాబితాతో పాటు ఇంకో కట్ట కిష్టప్ప ముందు పెట్టింది. ముప్పై ఒక్క ఈఎస్ఐ ఫారాలు, వాళ్లను హాజరు పట్టీలో చేర్చే ఉత్తర్వు.

“ఇవెవరడిగిన్రు?”

“ఎవరూ అడగలే సార్. ఢిల్లీ దఫ్తరుకు నూట ఇరవై అని, ఈఎస్ఐ దఫ్తరుకు ఎనభై తొమ్మిది అని పోతయి. రెండిటి మీద సంతకం మీదే.”

“ఎనభై తొమ్మిదే రాయి.”

“రాస్త. మాటిచ్చినంత పని ఎందుకియ్యలేదో ఓనర్లకు మీరు చెప్పుకోవాలె.”

“నిన్ను తీసేస్తే?”

“తీసెయ్యున్రి. కొత్తామెతోని గుడ ఈ రెండిట్ల ఒకటే రాయిస్తరు గద సార్.”

కిష్టప్ప కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఫారాల కట్ట దగ్గరికి లాక్కున్నాడు. ఇరవయ్యో సంతకం దగ్గర పెన్నులో సిరా అయిపోతే కౌసల్య తన పెన్ను మూత తీసి ఇచ్చింది.

నివేదిక నూట ఇరవై మందితో పోయింది. పై నెలలో హాజరు పట్టీకి రెండు పేజీలు అదనంగా కుట్టాల్సి వచ్చింది. గోనెసంచులు కుట్టే సూది తెప్పించి, ఆ పని కౌసల్యే చేసింది.