యారాడ ఘాట్‌లో ఆగిన కారు

మా పిన్ని తన పాత కారును "నా ఎడం కాలు" అనేది. ఆమె ఎడం కాలు చిన్నప్పుడే పోలియోతో పడిపోయింది. క్లచ్ అక్కర్లేని ఆటోమేటిక్ బండి కాబట్టి కుడికాలితోనే నడుపుతూ, యారాడలో ఎండుచేపలు కొని గాజువాకలో అమ్మేది. ఎక్కగానే స్టీరింగును అరచేత్తో తట్టి, "పద తల్లీ" అనేది.

బండి బాగా తిరిగింది. గేరుబాక్సు ఆయిలు నల్లబడింది. "ఇన్నేళ్లూ మార్సనేదు కదమ్మా. ఇప్పుడు మిషనెట్టి మొత్తం కడిగేత్తే గేర్లు జారిపోతాయి. కొంచెం కొంచెంగా మారుద్దాం" అని మెకానిక్ చెబితే సరేనంది.

ఆమె జ్వరంతో పడుకున్నప్పుడు మా మావయ్య, ఆమె సొంత అన్న, చెప్పకుండా బండి తీసుకెళ్లి వేరే షాపులో ఆయిలు మొత్తం కడిగించేశాడు. బండి కాగితాలు మావయ్య పేరునే ఉన్నాయి కాబట్టి, అమ్మేద్దామని.

జ్వరం తగ్గాక, అది తెలియక ఆమె యారాడ ఘాట్ రోడ్డు ఎక్కింది. పక్కన నేనున్నాను. సగం దారిలో ఇంజను అరిచింది గాని బండి ముందుకు పోలేదు, వెనక్కి జారింది. జనం వచ్చి చక్రాల కింద రాళ్లు పెట్టేదాకా ఆమె బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.

ఆయిలు మొత్తం మార్చేశారని మెకానిక్ చూసి చెప్పాడు. పిన్ని వెళ్లి అడిగితే మావయ్య, "కొత్తాయిలుంటే బేరం బాగొత్తాదని ఏయించాను. అయినా ఆ కాలుతో నీకు కొండలెక్కి తిరగడవేటే?" అన్నాడు.

బండి తుక్కుకు పోయింది, వ్యాపారమూ పోయింది.

తర్వాత మావయ్య ఆమె ఇంటికొచ్చాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి "అన్నియ్యా, నువ్వు" అని పిలిచిన పిన్ని కుర్చీ చూపించి, "కూర్చోండి. మంచినీళ్లు తాగుతారా?" అంది.