చూడటమంటే చూడటమే

దేదీప్య మొండిది. అమెరికాలోని సన్నీవేల్‌లో ఆమెతో పనిచేసే వాళ్లెవరినడిగినా ముందు ఈ మాటే చెబుతారు, మంచి ఇంజినీరన్న మాట తర్వాత గుర్తొస్తుంది.

వాళ్లది చిన్న కంపెనీ. ఆసుపత్రుల్లో రోగికి చుక్కచుక్కగా మందు ఎక్కించే పంపు తయారు చేస్తోంది. ఆ పంపు ఆన్ చేస్తే ఒక్కోసారి లేచేది, ఒక్కోసారి మొరాయించేది. చిప్‌లో ప్రతి భాగమూ ఏదో ఒక క్లాక్ వేసే దరువు మీదే నడుస్తుంది. ఎక్కడో ఆ దరువు అందడం లేదని దేదీప్య అనుమానం. అందుకే ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు లేచే బూట్‌లోడర్ ప్రోగ్రాంలో ఒక కమాండ్ రాసింది. ఏ క్లాక్ నడుస్తోందో, ఏది ఆగిందో అది తెర మీద చూపించాలి.

కమాండ్ కొట్టింది. అన్ని క్లాకులూ ఆన్ అని వచ్చాయి, పంపు బుద్ధిగా లేచింది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. కమాండ్ కొట్టకుండా ఆన్ చేస్తే మాత్రం పాత గొడవే.

మేనేజర్ రాజ్ వరంగల్ మనిషి. సంబరం దాచుకోవడం ఆయనకు చేతకాదు.

"అరే, దొరికింది గదా! ఆన్ చేసినప్పుడల్లా నీ కమాండ్ దానంతటదే రన్ అయ్యేటట్టు పెట్టు. ఆసుపత్రులకు షిప్ చేసేద్దాం."

దేదీప్యకు ఒళ్లు మండిపోయింది. రాజ్ మీద కాదు, తన మీదే. ఆగి ఉన్న భాగాన్ని చదవబోతే చిప్ ఉన్న బోర్డంతా బిగుసుకుపోతుందన్న భయంతో, చదివే ముందు దాని క్లాక్‌ను ఆన్ చేసేలా తనే రాసింది. నాడి చూడమంటే గుట్టుగా మందు పోసి, రోగికేం కాలేదన్నట్టుంది ఆ కమాండ్ తీరు.

"వద్దండీ. ఇది జబ్బును కప్పిపెడుతోంది."

"పనైతే చేస్తుంది గదా?"

"అసలు ఏ క్లాక్ ఆగుతోందో మీకు తెలీదు, నాకూ తెలీదు. పేషెంట్‌కి పెట్టాక ఆగిపోతే ఎవరు చూస్తారు?"

డెడ్‌లైన్ దగ్గర పడుతున్నా రాజ్ శుక్రవారం దాకా టైమిచ్చాడు.

రాసిందంతా చెరిపేసింది దేదీప్య. చూడటమంటే చూడటమే, వేలు పెట్టకూడదు. క్లాకులన్నిటినీ అదుపు చేసే భాగం ఒకటి చిప్‌లో ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. ఏది ఆగిందో దాన్నే అడిగితే సరి, మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. క్లాక్‌ను ఆన్ చేయడానికి వేరే కమాండ్ పెట్టింది. అది పేరు పెట్టి అడిగితే తప్ప దేన్నీ కదపదు.

శుక్రవారం అందరూ బోర్డు చుట్టూ చేరారు. మొదట్లో పంపు బాగానే లేస్తూ వచ్చింది. రాజ్ ఫోన్‌లో టైం చూసుకోసాగాడు. దేదీప్య పట్టు వదల్లేదు, ఆపి మళ్లీ ఆన్ చేసి, చూసే కమాండ్ మాత్రమే కొడుతూనే ఉంది. చివరికి మందు ధారను కొలిచే సెన్సర్ పేరు పక్కన ఆఫ్ అని పడింది. ఆ వెంటనే పంపు కొయ్యబారిపోయింది.

"చచ్చిపోయింది గదా," అన్నాడు రాజ్ నీరసంగా.

"చచ్చింది. ఎందుకో చెప్పి మరీ చచ్చింది," అంది దేదీప్య. ఇన్ని వారాల్లో ఆమె మనసారా నవ్వింది అప్పుడే.

రాజ్ తెర మీది ఆ లైన్ మళ్లీ చదివాడు. షిప్‌మెంట్ ఆపమని చెప్పడానికి ఫోన్ కలిపాడు.