ఐస్ మీద మోపిన నేరం

పోర్ట్ బ్లెయిర్‌లో డాలీగంజ్ రోడ్డు పక్కన చేపలమ్మే మా అక్క వేళ్లు ఉన్నట్టుండి సున్నం పూసినట్టు తెల్లబడేవి. కాసేపటికి నీలంగా, ఆ తర్వాత ఎర్రగా మారేవి. అమ్మ గంగమ్మకు కోడిని మొక్కుకుంది. నేను మండిపడ్డాను. పొద్దంతా ఐస్ పెట్టెలో చేతులుంచితే ఎవరి వేళ్లు మొద్దుబారవని వాదించాను. మా ఇళ్లలో అందరిదీ ఐస్‌తోనే పని కనుక ఆ మాట వెంటనే నమ్మారు.

ఒకరోజు వానలో అక్క బస్సు కిటికీ పక్కన కూర్చుంటే, ఐస్ ముట్టకుండానే వేళ్లు తెల్లబడ్డాయి. పొద్దున్నే పిడికిలి బిగియదు, మెట్లెక్కబోతే తొడల్లో బలం చాలదు. ఇక నా కారణాన్ని కూడా పరీక్షకు పెట్టక తప్పలేదు.

ఆసుపత్రి డాక్టరు అక్క రక్తాన్ని మెయిన్‌లాండ్‌కు పంపించారు. ఫలితం వచ్చాక, ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి సొంత కణజాలం మీద దాడి చేస్తోందన్నారు. లూపస్, చర్మం గట్టిపడే జబ్బు, కండరాల వాపు, ఈ మూడింటి లక్షణాలూ కలిశాయట.

"మూడు జబ్బులా, ఒకటా?" అక్క అడిగింది.

"ఒకటే. ముందు ముందు ఎటు మొగ్గుతుందో చూస్తూ ఉండాలి."

"అసలు ఎందుకు మొదలవుతుంది?" అన్నాను నేను.

"తెలియదు."

ఏ మొక్కులోనూ లేని నిజాయితీ ఆ ఒక్క మాటలో కనిపించింది నాకు.

మాత్రలతో పాటు చేతులకు వెచ్చటి గ్లౌజులు తప్పనిసరి అన్నారు. అక్క దిగులంతా బేరం గురించే. తెల్లటి వేళ్లను చూసి కుష్ఠేమోనని కొందరు అప్పటికే పక్క గంపకు పోతున్నారు. పైగా మొప్ప ఎత్తి ఎరుపు చూపించనిదే ఇక్కడ ఎవరూ చేప కొనరు. గ్లౌజు వేళ్లకు ఆ మొప్ప చిక్కలేదు.

"గ్లౌజులేంటి దీదీ? నిన్నటి బాసీ మాల్ దాస్తున్నావా?" అంది ఎప్పుడూ వచ్చే ఒకావిడ.

ఇది అంటువ్యాధి కాదని, యాంటీబాడీల సంగతని నేను మొదలుపెట్టాను.

"నువ్వూరుకో తమ్ముడా. ఆవిడ యాంటీబాడీలు కొనడానికి రాలేదు," అని అక్క సుర్మాయి చేపను ఆవిడ ముందుకు జరిపింది. "నువ్వే ఎత్తి సూడు దీదీ. నా సేతులకి సలికి రగతం ఆడదు, అంతే. అంటుకునేది గాదు. సేప పాడైతే ఉత్తినే పట్టుకుపో."

ఆవిడ అక్క చేతుల్ని కాసేపు చూసింది. తర్వాత గోటితో మొప్ప ఎత్తింది.

"తాజాయే. కాట్ దో."

అక్క కత్తి నాకందించింది.

"సదువుకున్నోడివి గదా, ముక్కలు సమానంగా కొయ్యి."