బంగారం ఇచ్చిన ముసలమ్మ

దెయ్యాల కథలంటే నాకు భయం కాదు, నవ్వు. మా నాయనమ్మ చెప్పబోతే "నీ దెయ్యానికి వేరే పనీపాటా లేదా?" అని అడిగి మొట్టికాయలు తిన్నదాన్ని. ఇప్పటికీ నమ్మను. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

డెబ్బైల మొదట్లో మావారికి పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే తెనాలి నుంచి వచ్చి, ఒక గది కిరాయికి తీసుకున్నాం. అప్పటికి మా బాబుకి మూడేళ్లు. దసరాకి ఫ్యాక్టరీ సెలవు. "ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటామా? పద, సంగారెడ్డి చూసొద్దాం" అన్నారాయన. బస్సు దిగింది మొదలు పొద్దంతా నడకే. బజారు, పాత గడీలు, చెరువు కట్ట. నాకు కాళ్లు పీకుతున్నా ఆయన ఆగితేనా!

సాయంత్రం ఒక సన్న గల్లీలో ముసలమ్మ ఎదురైంది. కాళ్లకు వెండి కడియాలు. ఎడమ చెవి తమ్మె తెగి ఉంది. గుప్పెడు ఆకులు మా ముందు చాపి "బంగారం దీస్కో కొడుకా" అంది. దసరానాడు ఇక్కడ జమ్మి ఆకునే బంగారమని ఇచ్చిపుచ్చుకుంటారని మాకేం తెలుసు? మా వైపు ఆ అలవాటు లేదు. ఆకులమ్ముకునే మనిషి అనుకుని మావారు "వద్దమ్మా, చిల్లర లేదు" అనేశారు.

ఆమె బోసినోటితో నవ్వింది. "బంగారం వద్దంటవేంది? సరే తియ్, పోరడు పైలం" అని, జాగ్రత్త చెబుతున్నట్టు బాబు తల నిమిరి వెళ్లిపోయింది.

జనం వెనకే ఊరి చివర జమ్మిచెట్టు దాకా వెళ్లాం. ఇసుక వేస్తే రాలనంత జనం. ఎవరో పటాకులు కాల్చారు. ఆ మోతకి బండి ఎడ్లు బెదిరి జనం మీద పడ్డాయి. ఒక్కటే తోపులాట. నేను కింద పడ్డాను. లేచి చూస్తే నా చేతిలో బాబు చెయ్యి లేదు.

ఇక నా ఒళ్లు నా స్వాధీనంలో లేదు. పడినవాళ్ల మధ్య వెతికాను, బండి చక్రాల కిందకి వంగి చూశాను. చూడాలంటేనే ప్రాణం పోతోంది. ఆయన పిచ్చివాడిలా బాబు పేరు పెట్టి అరుస్తున్నారు. పొద్దు గుంకుతోంది. "ఊర్లకు వోయి సూడుండ్రి, జనంల కొట్టుకపోయిండేమో" అని ఎవరో అంటే వచ్చిన దారినే పరుగెత్తాం.

అదే గల్లీలో, తాళం వేసిన ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు మా వాడు. ఏడుపు లేదు, ఒంటి మీద గీత లేదు. జమ్మిచెట్టు నుంచి పరుగెత్తుకొచ్చిన నాకే రొప్పు తగ్గలేదు. మూడేళ్లవాడు, అన్ని మలుపులు తిరిగి ఎలా వచ్చాడు?

"ఎవరు తెచ్చార్రా నిన్ను?" అని వాటేసుకుని ఏడ్చాను.

"మామ్మ ఎత్తుకుంది" అన్నాడు.

నా ఏడుపు విని ఎదురింటామె బయటికొచ్చింది. సాయంత్రం ఇక్కడే ఎదురైన చెవి తెగిన ముసలమ్మ గురించి నేను చెప్పగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గామెదే ఈ ఇల్లు. మొన్న వానకాలంల సచ్చిపాయె. ఏడాది గాలె, పండుగ జెయ్యొద్దని ఇంటోళ్లు తాళమేసి బిడ్డ ఊరికి వోయిండ్రు. మీరెవర్ని జూసిన్రో ఏమో అమ్మా, జల్దీ ఇంటికి వోండ్రి" అంది.

పోలిన మనుషులుంటారని మావారు ఏదో అనబోయారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. అంతలో బాబు పిడికిలి విప్పాడు. రెండు జమ్మి ఆకులు. ఒకటి తను ఉంచుకుని, రెండోది ఆయన ముందు చాపాడు.

"ఇది నీకంట నాన్నా. చిల్లర వద్దంట."

ఆయన రెండు చేతులూ పట్టి తీసుకున్నారు. బస్సులో పటాన్‌చెరు చేరేదాకా ఆ ఆకు ఆయన గుప్పిట్లోనే ఉంది.

ఆమె ఎవరో, ఆ తొక్కిసలాటలోంచి నా బిడ్డను ఎలా తీసిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఎంత ఆలోచించినా లెక్క తేలదు. ఎవరైనా ఆమెను దెయ్యం అంటే మాత్రం ఊరుకోను.